నాలుగు గోడల ఆవల

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ : వ్యాసం

చదువు అనగానే తరగతి గది, నల్లబల్ల, పాఠ్యపుస్తకం, పరీక్ష గుర్తుకు వస్తాయి. అయితే తెలుగువారి సామాజిక చరిత్రలోని కొన్ని ముఖ్యఘట్టాలు తరగతి గది వెలుపల సాగిన చదువు నుండి పుట్టినవే. గ్రంథాలయంలో, పడవ మీద, రాత్రిబడిలో, బావిగట్టున సాగిన అటువంటి విద్యను పరిచయం చేయడం, నేటి విద్యార్థి తన కళాశాలను, పరిసరాలను పాఠంగా మలచుకొనే మార్గాలను సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పాఠం

విద్య ఒకేచోట, ఒకే వ్యక్తి వద్ద లభించేది కాదని మన పూర్వులు ఏనాడో గ్రహించారు. మనిషి నేర్చుకొనే దానిలో నాలుగవవంతు గురువు వలన, నాలుగవవంతు స్వయంకృషి వలన, నాలుగవవంతు తోటి విద్యార్థుల వలన, మిగిలిన నాలుగవవంతు కాలక్రమంలో అనుభవం వలన సమకూరుతుందని పెద్దల మాట. ఈ లెక్కను అంగీకరిస్తే, అధ్యాపకుడు ఎంత శ్రద్ధగా బోధించినా తరగతి గదిలో లభించేది విద్యలో ఒక పాదం మాత్రమే. తక్కిన మూడు పాదాలను విద్యార్థి తానుగా సమకూర్చుకోవాలి. ఒంటికాలిపై నడక సాగదు. విద్య కూడా అంతే.

ఈ మాట వినడానికి సుభాషితంలా కనిపించవచ్చు. కాని నూరేళ్ల క్రితం తెలుగునేలపై ఇది జీవితసత్యం. ఆ రోజులలో బడిగడప తొక్కగలిగిన వారి సంఖ్య స్వల్పం. నిజాం పాలనలోని తెలంగాణలో పరిపాలన భాష ఉర్దూ. పాఠశాలల్లో తెలుగుకు దక్కిన చోటు చాలా తక్కువ. తల్లిభాషలో చదువుకొనే అవకాశం బడిలో లేనప్పుడు, బడి బయట దానిని కల్పించాలని కొందరు పూనుకొన్నారు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు మొదలైనవారి కృషితో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసింది. పుస్తకాలు ఉంచడానికి చోటు దొరికింది గాని, చరిత్ర, విజ్ఞానశాస్త్రాల వంటి విషయాలపై తెలుగులో తగినన్ని పుస్తకాలు లేవు. ఆ లోటు తీర్చడానికి 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టింది. మొదట చదువుకొనే చోటు, తరువాత చదవదగిన పుస్తకం, ఆ పిమ్మట చదివే మనిషి. ఈ వరుసలోనే ఒక ఉద్యమం రూపుదిద్దుకొంది.

కోస్తా ప్రాంతంలో ఈ కృషికి అయ్యంకి వెంకటరమణయ్య సారథ్యం వహించారు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం దానికి అధ్యక్షత వహించారు. ఊరూరా ఉన్న చిన్న చిన్న పఠనమందిరాలకు ఈ సభ ఒక ఉమ్మడి వేదికను ఇచ్చింది. ఆనాటి గ్రంథాలయం పుస్తకాలు భద్రపరిచే గది మాత్రమే కాదు. సాయంకాలం పనులు ముగిసిన తరువాత అక్షరం వచ్చిన ఒకరు వార్తాపత్రికను బిగ్గరగా చదువుతూ ఉంటే, అక్షరం రానివారు చుట్టూ చేరి వినేవారు. విన్న వార్తపై చర్చ జరిగేది. చదివేవాడు ఒక్కడే అయినా నేర్చుకొనేవారు ఇరవైమంది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటి నాయకులు గ్రంథాలయోద్యమాన్ని, వయోజన విద్యను ఒకే బండికి రెండు చక్రాలుగా భావించి జీవితాంతం కృషిచేశారు.

పుస్తకం దగ్గరకు మనిషి రాలేకపోతే, మనిషి దగ్గరకే పుస్తకం వెళ్లాలి. ఈ ఆలోచనను పాతూరి నాగభూషణం 1935లో ఆచరణలో పెట్టారు. నాటి గుంటూరు జిల్లాలో కాలువపై పడవ గ్రంథాలయం నడిచింది. కృష్ణా డెల్టాలో ఆనాడు పడవ ప్రధానమైన ప్రయాణసాధనం. సరకులతో, సంతకు పోయేవారితో సాగే పడవ ప్రయాణం నిదానంగా గంటల తరబడి జరిగేది. ఆ తీరికనే చదువుకు అదనుగా మార్చారు. రైతు, వ్యాపారి, కూలీ అనే భేదం లేకుండా పడవ ఎక్కిన వారికి పత్రిక, పుస్తకం అందాయి. ఇందుకు పెద్ద భవనం అక్కరలేకపోయింది. ప్రజల దినచర్యను పరిశీలించిన చూపు ఉంటే చాలింది.

ఉన్న కళాశాలలో కూడా పాఠ్యప్రణాళికకు అందని చదువు ఒకటి ఉంటుంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలోని బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలను సందర్శించారు. ఒక సాయంకాలం విద్యార్థులు, అధ్యాపకులు కూడిన పాటల గోష్ఠిలో ఆయన తన 'జనగణమన' గీతాన్ని స్వయంగా ఆలపించారు. అక్కడే దానికి ఆంగ్లానువాదం చేశారు. సంగీతంలో ప్రవేశం గల మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరలిపిని కూర్చారు. ఆ గీతం 1950 జనవరి 24న మన జాతీయగీతంగా స్వీకరింపబడింది. ఆ సాయంకాలపు గోష్ఠికి హాజరుపట్టీ లేదు, మార్కులు లేవు. అయినా ఆ కళాశాల చరిత్రలో అంతకంటే గుర్తుంచుకోదగిన తరగతి మరొకటి ఉండదు.

బడి అందనివారిని బయటి చదువు ఎంత దూరం నడిపించగలదో వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం చెబుతుంది. నల్లగొండ ప్రాంతంలో 1915లో పుట్టిన ఆయన బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. ఇతరుల ఇండ్లలో వంటపని చేస్తూ అక్షరాలు నేర్చుకొన్నారు. హోటలులో పనిచేశారు. దొరికిన పుస్తకమల్లా చదివారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు ప్రచురించి, వాటిని తానే మోసుకొని ఊరూరా తిరిగి పాఠకులకు అందించారు. ఒకనాడు పుస్తకం కోసం వెతుక్కొన్న బాలుడు, పెద్దవాడై పుస్తకమే లేని ఊళ్లను వెతుక్కొంటూ వెళ్లాడు. 'ప్రజల మనిషి' నవలను రచించిన ఆ మనిషి విశ్వవిద్యాలయం గడప ఎక్కలేదు. ఆయనకు విశ్వవిద్యాలయం సమాజమే.

చదువు వ్యక్తిని మార్చడం ఒక ఎత్తు. ఊరినే కదిలించడం మరొక ఎత్తు. 1990 దశకం ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా పొలంపనులు చేసి అలసిన స్త్రీలు రాత్రిబడులకు వచ్చి పలక పట్టారు. వారి వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. ఊరిలోని సారా దుకాణాన్ని మూయించడానికి పూనుకొన్న ఒక స్త్రీ కథ అది. కూలిడబ్బులు సారా కొట్టుకు పోతుంటే పిల్లల కడుపులు మాడడం ఆ స్త్రీలకు కొత్త కాదు. తమ ఇంటి బాధ అచ్చు అక్షరాలలో కనిపించడం మాత్రం కొత్త. 1992లో దూబగుంట గ్రామంలోని స్త్రీలు రోశమ్మ వంటివారి నాయకత్వంలో ఏకమై తమ ఊరిలో సారా దుకాణాన్ని అడ్డుకొన్నారు.

ఈ ఘట్టంలో విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం ఒకటి ఉంది. దూబగుంట వార్త అక్కడితో ఆగలేదు. నవ అక్షరాస్యుల కోసం తయారైన మరొక వాచకంలో అది 'ఆడవాళ్లు ఏకమైతే' అనే పాఠంగా చేరింది. పాఠం వార్తకు కారణమైంది. ఆ వార్త తిరిగి పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊరూరా స్త్రీలు కదిలారు. నెల్లూరులో మొదలైన ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993 అక్టోబరు 1 నుండి ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింపునకు గురి అయినప్పటికీ, అక్షరానికి, జీవితానికి మధ్య గోడ లేనప్పుడు ఏమి జరుగుతుందో ఆ స్త్రీలు లోకానికి చూపారు.

ఇటువంటిదే మరొక ఉదాహరణ నీటికి సంబంధించినది. 2000 దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం మొదలైన ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను లెక్కించే పథకం ఒకటి అమలయింది. బోరు ఎండిపోతే మరింత లోతుకు తవ్వడం, అప్పులపాలు కావడం ఆ ప్రాంతాల్లో పరిపాటి. ఆ పథకంలో రైతులు వర్షమాపకంతో వానను కొలిచారు. బావులలో, బోర్లలో నీటిమట్టాన్ని క్రమం తప్పక నమోదుచేశారు. రబీ పంటకు ముందు అందరూ ఒకచోట కూర్చుండి, భూమిలో ఎంత నీరు ఉంది, ఏ పంటకు ఎంత కావాలి అని లెక్క వేసుకొన్నారు. గోడపై రాసిన ఆ అంకెలు ఊరందరి ఆస్తి అయినాయి. డిగ్రీలు లేని రైతులు భూగర్భజల శాస్త్రాన్ని పొలంగట్టున నేర్చుకొన్నారు. తరగతిలో ఘనపరిమాణపు లెక్కలు చేసే విద్యార్థికి తన ఊరి చెరువు ఎంత నీటిని పట్టగలదో తెలియకపోతే, ఆ లెక్క ఇంకా పూర్తికానట్లే.

చదువుకు, జీవితానికి మధ్య పెరిగిన ఈ దూరాన్ని విద్యావేత్తలు గుర్తించకపోలేదు. ఆచార్య యశ్‌పాల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1993లో సమర్పించిన నివేదికలో, పిల్లలపై పుస్తకాల సంచి బరువుకంటే అర్థం కాని చదువు బరువే ఎక్కువగా ఉందని అభిప్రాయపడింది. బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని అనుసంధానించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం కోరింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల పిల్లలకు సంచి లేని పది రోజులను సూచించింది. ఆ రోజుల్లో వారు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి మొదలైన వారి వద్ద పని నేర్చుకోవచ్చు. అయితే ఉత్తర్వులు తలుపు తెరవగలవు గాని, గడప దాటవలసినది విద్యార్థే.

గడప దాటడం అంటే దూరప్రయాణం చేయడమే కానక్కరలేదు. మొదటి అడుగు కళాశాల వరండాలోనే వేయవచ్చు. గోడపత్రిక అందుకు చక్కని సాధనం. ఒక బోర్డు, కొన్ని తెల్లకాగితాలు, నలుగురు సంపాదకవర్గ సభ్యులు ఉంటే వారం వారం పత్రిక వెలువడుతుంది. కబడ్డీ పోటీలో గెలుపు, గ్రంథాలయానికి వచ్చిన కొత్త పుస్తకాలు, ఉపకారవేతనాల దరఖాస్తుకు గడువు, తాగునీటి కుళాయి పాడైన సంగతి, పదవీవిరమణ చేస్తున్న అటెండరుతో ముఖాముఖి ఇవన్నీ వార్తలే. వార్త రాయాలంటే ఎవరు, ఏమి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు సమాధానం కావాలి. పేరు తప్పు పడితే మరునాడు ఆ వ్యక్తి ఎదురుగా నిలిచి అడుగుతాడు. విన్నదానిని నిర్ధారించుకోవడం, రెండు పక్షాల మాట వినడం, తప్పు జరిగితే సవరణ ప్రకటించడం ఇక్కడ అలవడుతాయి. చేతిలోని ఫోనులో నిజమూ వదంతీ ఒకే వేగంతో వచ్చిపడుతున్న ఈ కాలంలో ఇంతకంటే అవసరమైన శిక్షణ మరొకటి లేదు. ఉపకారవేతనపు గడువును సకాలంలో చదివిన ఒక పేద విద్యార్థి చదువు ఆగిపోకుండా నిలిస్తే, ఆ చిన్న కాగితం తన పని నెరవేర్చినట్లే.

రెండవ అడుగు సేవ. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవాపథకం ప్రారంభమైంది. ఈ పథకంలో చేరిన విద్యార్థి రెండు సంవత్సరాలలో 240 గంటలు సేవచేయాలి. ఏడురోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. దత్తత గ్రామంలో మొక్కలు నాటడం, ఆరోగ్య సర్వే చేయడం, రక్తదానంపై అవగాహన కల్పించడం పైకి కనిపించే పనులు. ఇంటింటికీ తిరిగి అపరిచితులతో మర్యాదగా మాట్లాడడం, వారు చెప్పేది ఓపికగా వినడం పైకి కనిపించని పాఠాలు. పల్లెకు ఏదో నేర్పుదామని వెళ్లిన విద్యార్థి, తానే ఎక్కువ నేర్చుకొని తిరిగివస్తాడు.

మూడవ అడుగు క్షేత్రపర్యటన. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని నిర్మింపజేసినట్లు 1213 నాటి శాసనం తెలుపుతుంది. 2021లో ఇది ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. చరిత్ర విద్యార్థి అక్కడి శాసనం ముందు నిలుస్తాడు. భౌతికశాస్త్ర విద్యార్థి విమానానికి వాడిన, నీటిపై తేలేంత తేలికైన ఇటుకలను గురించి విని సాంద్రత అనే మాటకు అర్థం గ్రహిస్తాడు. పునాది కింద ఇసుక ఎందుకు నింపారని మరొకరు ప్రశ్నిస్తారు. గుడితో పాటు చెరువును ఎందుకు తవ్వించారని అర్థశాస్త్ర విద్యార్థి ఆలోచిస్తాడు. అయితే ప్రశ్న లేకుండా వెళ్లినవాడు ఛాయాచిత్రాలతో మాత్రమే తిరిగివస్తాడు. విహారయాత్రకు, విజ్ఞానయాత్రకు భేదం బస్సులో లేదు. బయలుదేరే ముందు నోటుపుస్తకంలో రాసుకొన్న ప్రశ్నలో ఉంది.

ఇంటర్మీడియట్ విద్యార్థికి ఇంత తీరిక ఎక్కడిది అనే సందేహం న్యాయమైనదే. పరీక్షలు, ప్రవేశపరీక్షలు, ర్యాంకులు అతని ముందు వరుస కట్టి ఉన్నాయి. కొడుకును, కూతురును చదివించడానికి తల్లిదండ్రులు చేసిన అప్పు అతని మనస్సులో మెదులుతూ ఉంటుంది. మార్కులను తేలికగా చూడమని చెప్పడం ఎవరికీ తగదు. తెల్లవారుజాము నుండి రాత్రి వరకు ఒకే గదిలో కూర్చోబెట్టడమే మార్కులకు ఏకైక మార్గమని భావించడం కూడా తగదు. వారానికి రెండు గంటలు గ్రంథాలయానికో, గోడపత్రికకో, సేవకో కేటాయిస్తే ర్యాంకు చేజారదు. పైగా ఒక పరీక్షలో ఓడినప్పుడు, తనకు మరొక పని చేతనవునని, తనను తెలిసినవారు నలుగురు ఉన్నారని ఆ రెండు గంటలు విద్యార్థికి గుర్తుచేస్తాయి. కుంగిపోయిన వేళ ఆ జ్ఞాపకం విలువ ఇంతని చెప్పలేము.

కాలువపై పడవలో పుస్తకం అందుకొన్న రైతు, వంటింట్లో అక్షరాలు దిద్దిన బాలుడు, రాత్రిబడిలో పలక పట్టిన స్త్రీ, వీరెవరికీ చదువు సులభంగా దొరకలేదు. దొరికిన కొద్దిపాటి చదువును వారు తమ జీవితానికి, తమ ఊరికి ముడివేశారు. నేటి విద్యార్థికి తరగతి గది ఉంది, పుస్తకం ఉంది, గురువు ఉన్నాడు. ఆ గదికి ఒక తలుపు కూడా ఉంది. ఆ తలుపు లోపలికి రావడానికే కాక, బయటికి వెళ్లడానికి కూడా అని గుర్తించిన రోజున విద్య నాలుగు పాదాలపై నడుస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

పాదం = నాలుగవవంతు, అడుగు
సుభాషితం = మంచిమాట
సారథ్యం = నాయకత్వం
పఠనమందిరం = చదువుకొనే చోటు
అదను = తగిన సమయం
గోష్ఠి = సభ, సమావేశం
స్వరలిపి = రాగాన్ని గుర్తులతో రాసే పద్ధతి
పరిపాటి = వాడుక, అలవాటు
వదంతి = పుకారు
క్షేత్రపర్యటన = విషయం ఉన్న చోటికి వెళ్లి పరిశీలించడం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. తెలుగునేలపై గ్రంథాలయోద్యమం సాగిన తీరును వివరించండి.
2. 'పాఠం వార్తకు కారణమైంది. ఆ వార్త తిరిగి పాఠమైంది.' దూబగుంట ఉదంతం ఆధారంగా ఈ మాటలను సమర్థించండి.

II. కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం నుండి విద్యార్థులు గ్రహించవలసినదేమిటి?
2. గోడపత్రిక నిర్వహణ వలన అలవడే గుణాలను తెలపండి.

III. కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏ సంవత్సరంలో ఏర్పడింది?
2. పడవ గ్రంథాలయాన్ని నడిపినవారు ఎవరు?
3. జాతీయ సేవాపథకం ఎన్ని విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది?

IV. ప్రాజెక్టు పని
మీ ఊరిలోని చెరువు, గ్రంథాలయం, పాతకట్టడం వీటిలో ఒకదానిని ఎన్నుకొనండి. దానిని గురించి తెలిసిన ముగ్గురు పెద్దలను కలిసి వివరాలు సేకరించండి. వారు చెప్పిన వాటిలో తేడాలు ఉంటే వాటిని కూడా నమోదుచేసి, కళాశాల గోడపత్రికకు ఒక పుట వ్యాసం రాయండి.